కాలు అందని చోట

రబ్బరు సూట్లు ఉతకడం బట్టలు ఉతికినట్టు కాదు. పిండితే పగులుతాయి, బాదితే చిరుగుతాయి, ఎండలో వేస్తే అట్టముక్కల్లా బిగుసుకుపోతాయి. ముందు లోపలి వైపు పైకి తిప్పాలి. తొట్టిలో మంచినీళ్ళు పట్టి, ఉప్పు వదిలేదాకా అరచేతులతో నొక్కుతూ ఉండాలి. ఆ తర్వాత నడుం దగ్గర మడిచి నీడపట్టున దండెం మీద వేయాలి. గోళీ అమ్మ చేతులు ఆ పని వాటి దారిన అవి చేసుకుపోతున్నాయి గానీ, ఆమె కళ్ళు తొట్టిలో లేవు. దండెం మీద వేలాడుతున్న సూట్ల సందులోంచి సముద్రం వైపు చూస్తున్నాయి.

అక్కడ నడుం లోతు నీళ్ళలో సర్ఫింగ్ క్యాంపు వాళ్ళు పిల్లలకి ఈత నేర్పుతున్నారు. పొద్దున్నంతా ఈ రబ్బరు సూట్లు తొడుక్కుని బోర్డులెక్కి అలల మీద ఊరేగి, మధ్యాహ్నం గాలి తిరిగి అలలు చెదిరిపోయాక ఊరి పిల్లల్ని పిలుస్తారు. దాన్ని వాళ్ళు సేవ అంటారు. ఎక్కడెక్కడి నుంచో సెలవు పెట్టుకుని వచ్చి, ముక్కు మీద తోలు ఊడిపోతున్నా ఎండలో నిలబడి నేర్పేవాళ్ళని తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు. కొన్నాళ్ళుండి వెళ్ళిపోతారు. వాళ్ళ గదుల్లో దుప్పట్లు మార్చేలోపు ఇంకో బ్యాచ్ దిగుతుంది.

ఆమె కూతురు గోళీ ఈసారి టోపీ అక్క వంతుకి వచ్చింది. నీళ్ళలోకి దిగినా టోపీ తీయదు కాబట్టి ఆ అమ్మాయికి పిల్లలు పెట్టుకున్న పేరది. గోళీకి ఆ పేరు పుట్టగానే వచ్చింది, గోళీల్లాంటి ఆ కళ్ళు చూసి. పిల్ల ఇప్పుడు ఆ కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళంతా కర్రలా బిగదీసుకుని, టోపీ అక్క మెడ చుట్టూ రెండు చేతులూ పెనవేసుకుని ఉంది. "ఏం కాదురా, నేనున్నాగా, వెల్లకిలా పడుకో, చెవులు నీళ్ళలో మునగనీ" అని టోపీ అక్క దాని వీపు కింద చెయ్యి పెడుతోంది.

పోయిన బ్యాచ్‌లోనూ ఇంతే. అంతకు ముందూ ఇంతే. వెల్లకిలా పడుకోవడం, వీపు కింద చెయ్యి, చివరి రోజు ఆ చెయ్యి తీసేయడం, పిల్ల తేలడం, అందరూ చప్పట్లు కొట్టడం, ఫొటో. కొత్తవాళ్ళు రాగానే మళ్ళీ మొదటి నుంచి. ఏ బ్యాచ్ వచ్చినా పాఠం మాత్రం మొదటి మెట్టు దాటదు.

గోళీ అమ్మకి ఒక్క చోట కుదురుగా నిలబడాలంటే కాళ్ళు పీకుతున్నాయి. వచ్చే నెలలో పిల్ల పెద్దబడికి పోవాలి. పెద్దబడి పాయ అవతల ఉంది. పాయ అంటే సముద్రం ఊరి పక్కనుంచి లోపలికి చొరబడిన ఉప్పునీటి పాయ. పడవ మీద దాటాలి. పడవలో పిల్లల్ని ఇరికించి కూర్చోబెడతారు, అంచున చోటు కోసం వాళ్ళు కొట్టుకుంటారు, నడిమధ్యకి వచ్చేసరికి పడవ తాత గెడ నేలకి అందదు. "ఒరిగితే ఏంటి తాతా?" అని ఆమె ఒకసారి అడిగింది. "ఒరిగితే తడుస్తారు" అన్నాడు ముసలాయన, చుట్ట నోట్లోంచి తీయకుండానే. అది జోకు అనుకుని పడవలో వాళ్ళంతా నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. క్యాంపులో పనికి కుదిరిందే అందుకు. పనివాళ్ళ పిల్లలకి ఈతలో ముందు చోటు ఇస్తారు.

నీళ్ళలో పిల్లలు ఆడుకునే బంతి ఒకటి చేజారి లోపలికి కొట్టుకుపోయింది. అప్పుడే ఎవరో ఫొటో తీస్తామంటే పెద్దవాళ్ళంతా ఒడ్డు వైపు తిరిగారు. టోపీ అక్క గోళీని కాళ్ళు ఆనేచోట దించి, జుట్టు సర్దుకుంటూ తనూ అటు తిరిగింది.

గోళీ చుట్టూ చూసింది. తల నీళ్ళలోకి వంచింది. ఆ తర్వాత కాళ్ళు రెండూ కప్పలా ముడిచి తన్నింది. బంతి దగ్గర తేలింది. దాన్ని గడ్డం కింద పెట్టుకుని, చేతులతో నీళ్ళు వెనక్కి తోసుకుంటూ వచ్చేసింది. ఫొటో అయిపోయి టోపీ అక్క ఇటు తిరిగేసరికి పిల్ల రెండు చేతులూ చాచి, పెదవులు వణికిస్తూ, మెడకి కరుచుకుపోయింది.

నొక్కుతున్న సూటు చేయి జారి తొట్టిలో మునిగిపోయింది. గోళీ అమ్మ దాన్ని పైకి తీయడం మరిచిపోయింది.

ఇంట్లో పొద్దు వాలకముందే పిల్ల తల తుడుస్తూ కూర్చుంది. వాకిట్లో అత్త వల చిరుగులు కుడుతోంది. కొడుకు పడవ మీద వేటకి వెళ్ళి ఇంకా తిరిగి రాని రోజుల్లో ఆవిడ నోటికీ సూదికీ ఒకేసారి పని పడుతుంది.

"ఏమే గోళీ, నీకు ఈత వచ్చా?" అంది గోళీ అమ్మ మామూలుగానే, తువ్వాలు కదపడం ఆపకుండా.

పిల్ల తన కాలి వేళ్ళ మధ్య ఇసక తీసుకుంటోంది.

"నిన్నే."

"రాదు."

"బంతి దానంతటదే నడిచొచ్చిందా?"

గోళీ ఇసక విదిలించుకుంది. "వస్తుందని చెప్తే సంచి ఇస్తారు" అంది.

"ఏం సంచి?"

"చెత్త ఏరే సంచి. పోయినసారి పక్కింటి పిల్ల తనకి ఈత వచ్చేసిందని చెప్పింది కదా. వచ్చినోళ్ళంతా ఒడ్డు మీద ప్లాస్టిక్ ఏరాలంట. వాళ్ళని ఎవరూ ఎత్తుకోరు. రానోళ్ళనే ఎత్తుకుంటారు." తల ఎత్తి తల్లిని చూసింది. "నాకు చాలా బాగా రాదమ్మా. నేను బాగా భయపడతా. అందరికన్నా నేనే బాగా భయపడతానని టోపీ అక్క కూడా అంది."

వాకిట్లోంచి అత్త నవ్వింది. "నీ కడుపున పుట్టింది కదే. భయపడ్డం దానికి వేరే నేర్పాలా?"

"అత్తా, నువ్వూరుకో."

"నేనెందుకు ఊరుకోవాలి? పిల్ల ఈనెపుల్లలా ఉందని నువ్వే ఏడిచావు, ఈత రావాలని నువ్వే ఏడిచావు, వచ్చిందంటే ఇప్పుడు మొహం అలా పెట్టావు. నీకు ఏం జరిగితే మనసు కుదుటపడుతుందో అది కూడా ఎవరైనా వచ్చి నేర్పాలి."

గోళీ అమ్మకి నిజంగానే తెలియలేదు. పిల్లకి వచ్చిందన్న సంతోషం వెనకే ఇంకో భయం దూరింది. కాలు ఆనే నీళ్ళలో పిల్ల చేసే గారడీ పాయ నడుమ పనికొస్తుందా? పిల్ల ఎంత తేలుతుందో తనకి తెలియదు. నేర్పేవాళ్ళకి తెలియదు. పిల్లకీ తెలియదు. ఎవరూ అక్కడిదాకా తీసుకెళ్తే కదా.

మర్నాడు దుప్పట్లు మడిచి బీరువాలో పెట్టి, తడి చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. క్యాంపు నడిపే మేడమ్ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రాబోయే బ్యాచ్‌కి గదులు సర్దుతోంది. వెనక గోడ మీద పెద్ద బొమ్మ. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్న పిల్ల, ఆ పిల్ల వీపు కింద ఎవరిదో చెయ్యి. ఆ పిల్ల గోళీయే. ముందరి పళ్ళు ఊడిన నాటిది.

"ఏంటి, సబ్బు అయిపోయిందా?" అంది మేడమ్ ఫోన్ పెట్టేసి.

"సబ్బు కాదండీ. మా పిల్లకి తేలడం వచ్చేసింది. ముందుకి నేర్పిస్తారేమోనని."

"వచ్చేసిందా? మంచిదేగా."

"లోతుకి తీసుకెళ్ళి నేర్పితే... వచ్చే నెల పడవెక్కాలండీ అది."

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. కఠినమైన మనిషి కాదు. పనివాళ్ళకి జ్వరమొస్తే తనే మందుబిళ్ళ తెచ్చి ఇస్తుంది. "చూడు, నేనొకటి చెప్తాను, అర్థం చేసుకో. వీళ్ళు ఏడాదంతా ఆఫీసుల్లో మగ్గి, దొరికిన సెలవు పట్టుకుని ఇక్కడికి వస్తారు. తన చేతిలో ఒక పిల్ల మొదటిసారి తేలితే ఆ మనిషి మొహం ఎలా వెలిగిపోతుందో నువ్వు చూశావుగా. మళ్ళీ వచ్చేది దాని కోసం, పదిమందికి చెప్పేది దాని కోసం. ఈత వచ్చిన పిల్లని చేతికిచ్చి ఏం చెయ్యమనను?"

"ముందుకి నేర్పమనండి."

"ముందుకంటే లోతుకేగా. లోతులో ఏమైనా అయితే ఎవరు సమాధానం చెప్తారు? నువ్వా, నేనా?" గొంతు తగ్గించింది. "రేపటితో ఈ బ్యాచ్ ఆఖరు. గోళీ ఎలాగూ బాగా చేస్తుంది. పాపం ఆ టోపీ అమ్మాయికి మాత్రం ఈ సంగతి చెప్పకు. ఆశ పెట్టుకుంది."

ఆమె తల ఊపి బయటికొచ్చింది. ఊపిన తల ఊపినట్టే ఉంది గానీ, కాళ్ళు తొట్టి వైపు పోలేదు. గదుల వరస చివర మెట్టు మీద టోపీ అక్క కూర్చుని, బోర్డుకి పట్టిన పాత మైనం గీకుతోంది. గీకిన మైనం ఇసక కలిసి బూడిద రంగులో చుట్టలు చుట్టుకుని ఆమె పాదాల మీద పడుతోంది. గోళీ అమ్మ రెండుసార్లు ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. మూడోసారి ఆ అమ్మాయే తలెత్తింది.

"రండి అక్కా. నా సూటు ఆరిందా?"

"ఆరింది." అని ఊరుకుంటే సరిపోయేది. "అమ్మా, గోళీకి ఈత వచ్చు" అనేసింది.

టోపీ అక్క నవ్వింది. "రేపు వచ్చేస్తుంది. రేపు చెయ్యి తీసేస్తాను, చూడండి."

"రేపు కాదు. ఎప్పుడో వచ్చింది. మీకు ముందొచ్చిన వాళ్ళ దగ్గర కూడా ఇలాగే తేలింది. నిన్న బంతి తెచ్చుకోవడం నేను చూశాను."

గీకుడు ఆగింది. ఆ అమ్మాయి మొహం ఎండకి ఎర్రబడి ఉంది కాబట్టి ఇంకా ఎర్రబడిందో లేదో తెలియలేదు. "నిన్న నా మెడ పట్టుకుని ఏడిచింది కదా" అంది చివరికి.

"ఏడుపు నిజమేనమ్మా. మీరంటే దానికి ఇష్టం. ఈత వస్తే దించేస్తారని." గోళీ అమ్మకి మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. "కోప్పడకండి దాన్ని. నాకొక్క సాయం చేయండి. రేపు ఆ చప్పట్లవీ వద్దు. కాలు అందని చోటికి తీసుకెళ్ళండి. మీరు పక్కనుండగా ఈదగలదో లేదో చూడండి. అంతే."

టోపీ అక్క చేతిలో గీకుడు బద్దని అటూ ఇటూ తిప్పింది. బోర్డు తోకన కట్టిన తాడు కొస, చీలమండకి చుట్టుకునే పట్టీ, ఆమె ఒళ్ళో పడి ఉన్నాయి. వాటి వైపు చూస్తూ అంది.

"నాకు రాదక్కా."

"ఏది?"

"ఈత. కాలు అందకపోతే రాదు."

గోళీ అమ్మ సముద్రం వైపు చూసింది, మళ్ళీ ఆ అమ్మాయిని చూసింది. "రోజూ అంత లోపలికి పోతారు కదా మీరు."

"బోర్డు ఉంటుందిగా. కాలికి తాడు ఉంటుంది. పడితే తాడు లాక్కుంటే బోర్డు వచ్చేస్తుంది, ఎక్కేస్తాను. తేలడం ఎలా నేర్పాలో వచ్చిన రోజు సాయంత్రం మాకు చూపించారు. అంతవరకే వచ్చు."

"మరి మిగతా వాళ్ళకి?"

"నేనెవరినీ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు."

గోళీ అమ్మకి నవ్వు వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, రాకూడని చోట వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. టోపీ అక్క ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వింది. ఇద్దరూ నవ్వి నవ్వి ఆగాక, టోపీ అక్క మళ్ళీ మైనం గీకడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం టోపీ అక్కే వెళ్ళి మేడమ్‌ని అడిగింది, వచ్చిన పిల్లల్ని ముందుకి నేర్పేవాళ్ళు ఎవరూ లేరా అని. మంచి మనసుతోనే అడిగింది. కాసేపటికి నీళ్ళలో దిగబోతున్న గోళీని మేడమ్ భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చి, వంగి ఏదో ముద్దుగా చెప్పి, చేతికి సంచి ఇచ్చింది. దాని చోట్లోకి అంతకన్నా చిన్న పిల్ల, నిజంగానే భయపడే పిల్ల, వచ్చింది.

గోళీ ఏడవలేదు. ఒడ్డు వెంబడి నడుస్తూ సీసా మూతలూ, తాడు ముక్కలూ ఏరి సంచిలో వేసుకుంది. దండెం ముందు నుంచే రెండుసార్లు పోయింది. తొట్టి దగ్గర మనిషి ఎవరూ లేనట్టే పోయింది.

మేడమ్ దండెం దాకా వచ్చింది. "నీకు చెప్పిన మాటేంటి, నువ్వు చేసిన పనేంటి?" అంది. అరవలేదు. "ఇక నీ పిల్లని ఈతకి పంపక్కర్లేదులే. వచ్చేసిందన్నావుగా."

ఇంటికొచ్చాక గోళీ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినమంటే "నా కడుపు కూడా నీకే తెలుసుగా, నువ్వే తిను" అంది. ఆ మాట ఎక్కడ నేర్చిందో చూడక్కర్లేదు, వాకిట్లో సూది ఆగింది.

"ఉన్నది కాస్తా ఊడగొట్టుకొచ్చావు" అంది అత్త. కానీ ఆ తర్వాత లేచి వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని, దాని అరికాళ్ళు నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న బ్యాచ్ అంతా ఆఖరి అలల కోసం బోర్డులు నెత్తిన పెట్టుకుని పోయింది. గోళీ అమ్మ తొట్టిలో నీళ్ళు పట్టింది. మొదటి సూటు ముంచింది. నీళ్ళలో అది ఉబ్బి, లోపల మనిషి ఉన్నట్టు చేతులూ కాళ్ళూ చాచింది. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. ఇక నిలబడలేకపోయింది. తొట్టి అలాగే వదిలేసి ఇంటికి నడిచింది. నడక పరుగైంది.

"లే" అంది గోళీని. "పద."

"ఎక్కడికి? సంచి తేవాలా?"

"నోరు మూసుకుని పద."

పడవ రేవుకి ఎగువన పాయ ఇరుకవుతుంది. అవతలి ఒడ్డున తిరిగే కోళ్ళు కూడా కనబడతాయి. పోటు నిండి, నీళ్ళు వెనక్కి తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నిలిచిపోయిన వేళ. గడ్డిపరక వేస్తే వేసిన చోటే ఉంది. గోళీ అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మోకాళ్ళు దాటి దిగింది లేదు. కాళ్ళ కింద బురద మెత్తగా జారుతుంటే పళ్ళు బిగించుకుంది.

వెనక ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడైంది. టోపీ అక్క. చంకలో బోర్డు, తలమీద టోపీ లేదు. "తొట్టి దగ్గర మీరు లేకపోతే ఎటెళ్ళారని అడుగుతూ వచ్చాను" అంది రొప్పుతూ. విషయం ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకుంది. బోర్డు నీళ్ళలో వేసి, పట్టీ కాలికి బిగించుకుని, దాని మీద బోర్లా పడుకుని, చేతులతో తోసుకుంటూ పాయ నడుమకి వెళ్ళి ఆగింది. "నేనిక్కడుంటాను. ఏమైనా అయితే దీన్ని పట్టుకుంటుంది. దీనికి ఈత వచ్చు" అంది బోర్డుని తడుతూ.

గోళీకి నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. ఒడ్డునే చేతులు కట్టుకుని నిలబడింది.

"రా" అంది తల్లి, నడుం లోతులోంచి.

"నాకు రాదు."

"రాకపోతే నేను ఎత్తుకుంటా. రా."

ఆ మాట పనిచేసింది. గోళీ దిగింది, తల వంచింది, కాళ్ళు ముడిచి తన్నింది. తల్లి చేతులు చాచి ఉంది. పిల్ల వేళ్ళు ఇంకా అందకముందే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

గోళీ తల బయటపెట్టి నీళ్ళు ఉమ్మింది. "కదలకు."

"కదలడం లేదు."

మళ్ళీ తన్నింది. మళ్ళీ ఒక అడుగు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. ఆమె గుండె నీళ్ళలోనే కొట్టుకుంటున్నట్టుంది, ఆ దెబ్బలకి నీళ్ళు కదులుతాయేమో అనిపించింది. చేతులు ముందుకి పోయి పిల్లని లాక్కోవాలని పీకుతున్నాయి. వాటిని వెనక్కి పెట్టుకుంది.

"కదిలావు. మోసం" అంది గోళీ. ఏడుపూ కోపమూ కలిసిన గొంతు. "నువ్వు కూడా మోసమే."

"అవును. రా."

భుజాలు మునిగాయి. మెడ మునిగింది. చీర పైకి తేలి చుట్టూ విచ్చుకుంది. ఇంకో అడుగు వేయబోయి, కాలితో వెతికింది. వెనక నేల లేదు. కాలు చప్పున ముందుకి లాక్కుని, మునివేళ్ళ మీద నిలబడి, గడ్డం ఎత్తి పట్టుకుంది. ఇక వెనక్కి పోవడానికి ఆమెకి చోటు లేదు.

గోళీ వచ్చేసింది. తడి చెయ్యి తల్లి చెంపకి తగిలింది. ఇంకో చెయ్యి మెడ కోసం లేచింది. అంత దగ్గర్నుంచి ఆ కళ్ళు తల్లి మొహాన్ని చూశాయి. వణుకుతున్న పెదవుల్ని, పైకెత్తిన గడ్డాన్ని, కదలని కనురెప్పల్ని. భయం అంటే ఏంటో బాగా తెలిసిన పిల్ల. ఇది నటన కాదని చూడగానే పోల్చుకుంది. లేచిన చెయ్యి మెడ మీద పడలేదు. మెడ పట్టుకుంటే అమ్మ మునిగిపోతుంది.

చెయ్యి నీళ్ళలోకి దించుకుని, తల్లి భుజం పక్కనుంచి చుట్టూ తిరిగి, గోళీ ముందుకి పోయింది.

ఆమె తల తిప్పలేకపోయింది. తిప్పితే కాలు జారుతుంది. వెనక కాళ్ళు నీళ్ళని తన్నే చప్పుడు వినబడుతోంది. చాలు, వచ్చెయ్యి అని పిలవబోయి నోరు తెరిచింది. నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. మింగి, నోరు మూసుకుంది.

"పోతోంది" అంది టోపీ అక్క ఎక్కడినుంచో, చాలా నెమ్మదిగా, గట్టిగా అంటే పిల్ల ఆగిపోతుందేమో అన్నట్టు. తర్వాత, "నన్ను దాటిపోయింది."

తన్నే చప్పుడు సన్నబడింది. ఆగింది. ఆగిన ఆ కాస్సేపట్లో గోళీ అమ్మ బతుకు మొత్తం చెవుల్లోకి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత కోళ్ళు అదిరిపడి అరిచాయి. బురదలోంచి ఒకదాని తర్వాత ఒకటి కాళ్ళు పీక్కుంటున్న చప్పుడు వినిపించింది.

అవతలి ఒడ్డు నుంచి గోళీ రొప్పుతూ అడిగింది.

"అమ్మా, మరి నువ్వెలా వస్తావ్?"